కాంక్రీటు గోడలో కిటికీ తీసి స్లైడింగ్ డోర్ పెట్టవచ్చా?

మీరు అడిగింది ఇదీ: బరంపురంలో అంబపువా వైపు మీ ఇల్లు, కింద ఒక అంతస్తు, పైన ఒకటి. కింద వెనక హాల్లో 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కిటికీ ఉంది. అది తీసేసి పెరట్లోకి తెరుచుకునేలా 8 అడుగుల గాజు స్లైడింగ్ డోర్ పెట్టాలనుకుంటున్నారు. గోడ కాంక్రీటుది అంటున్నారు. మేస్త్రీ "రెండు రోజుల పని" అన్నాడు. మీ బావగారు "శ్లాబు దిగిపోతుంది, జోలికి పోకు" అంటున్నారు.

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉందండి. కిటికీ వెడల్పు అలాగే ఉంచి, దాని కింద గోడ మాత్రం నేల దాకా తీయించుకుంటే మామూలు ఇటుక గోడ ఇళ్లలో భయపడాల్సింది పెద్దగా లేదు. 8 అడుగులకు వెడల్పు చేయాలంటే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూడాలి. కొత్త లింటెల్, అంటే కిటికీ, తలుపుల పైన గోడ బరువు మోసే అడ్డ దూలం, కూర్చున్నాకే గోడ మీద సుత్తి పడాలి. గోడ నిజంగా ఆర్‌సీసీదే (లోపల ఇనుప చువ్వలు వేసి పోసిన కాంక్రీటుదే) అయితే రెండు పనులకూ లెక్క కావాల్సిందే. ఇక మన సముద్రం పక్క ఊళ్లలో గోడ కోయడం కంటే, ఆ తర్వాత వాననీ గాలినీ ఆపడమే ఎక్కువ పని. నేను ఇళ్ల మార్పులు, మరమ్మతుల కాంట్రాక్టులు చేస్తాను, పని ఎక్కువగా బరంపురం, ఛత్రపూర్, ఇచ్ఛాపురం మధ్యే. చూసింది చెప్తాను.

ముందు గోడ దేనిదో తేల్చుకోండి. సిమెంటు పూత పూసి పుట్టీ పెట్టిన ప్రతి గోడనీ మనవాళ్లు కాంక్రీటు గోడ అనేస్తారు. సొంత ఇళ్లలో నిజమైన కాంక్రీటు గోడ చాలా అరుదు. లంజిపల్లిలో ఒక ఇంటాయన ఇలాగే "మొత్తం కాంక్రీటండీ, డ్రిల్ కూడా దిగట్లేదు" అన్నాడు. మేకు కొట్టే చోట 6 మిల్లీమీటర్ల బిట్ పెట్టి చూస్తే, పైపూత దాటగానే మెత్తగా దిగిపోయింది, బూడిద రంగు పొడి రాలింది. ఫ్లై యాష్ (బొగ్గు బూడిదతో చేసిన) ఇటుక. ఆయన డ్రిల్ బిట్ అరిగిపోయింది, అంతే.

మీరూ చేసి చూడొచ్చు. కిటికీ కింద, స్విచ్ బోర్డులకు దూరంగా, రెండు మూడు అంగుళాల లోతు రంధ్రం వేయండి. ఎర్ర పొడి వస్తే కాల్చిన ఇటుక. బూడిద రంగు పొడి వస్తూ బిట్ సాఫీగా దిగితే ఫ్లై యాష్. తెల్లటి పొడి, వేలితో నలిపితే పిండిలా ఉంటే ఏఏసీ (గాలి బుడగలతో చేసిన తేలికైన) బ్లాకు. పసుపూ ఎరుపూ కలిసిన గరుకు పొడి వస్తే పాత ఇళ్లలో వాడిన లాటరైట్ రాయి అయి ఉంటుంది. బూడిద రంగు పొడే వస్తూ, బిట్ మధ్యమధ్యలో రాయి తగిలి ఎగిరిపడి, పక్కకు అరంగుళం జరిపితే దిగిపోతుంటే అది కాంక్రీటు. ఒక్క రంధ్రం చూసి తీర్పు చెప్పకండి, రాయి జల్లి ఎక్కడైనా తగలొచ్చు. మూడు నాలుగు చోట్ల వేయండి. అనుమానం తీరకపోతే అడుగు చదరం మేర పూత కొట్టించి కళ్లతో చూసుకోవడమే. ఆ మచ్చ ఎలాగూ మీరు తీసేసే గోడలోనే పోతుంది.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. ఇల్లు పిల్లర్ల మీద ఉందా, గోడల మీద ఉందా? పిల్లర్లు, బీములు వేసి కట్టిన ఇంట్లో గోడ మధ్యలో నింపిన తెర మాత్రమే. శ్లాబు బరువు బీమ్‌లోంచి పిల్లర్‌కి, అక్కణ్ణుంచి పునాదికి పోతుంది. గోడల మీద కట్టిన ఇంట్లో శ్లాబూ, పై అంతస్తు గోడా అన్నీ ఈ గోడ మీదే కూర్చుంటాయి. బయటి గోడలు 10 అంగుళాలు, లోపలి గోడలు 5 అంగుళాలు ఉంటే చాలావరకు పిల్లర్ల ఇల్లే. లోపలి గోడలు కూడా 10 అంగుళాలు ఉండి, శ్లాబు కింద బీమ్ ఎక్కడా బయటికి కనబడకపోతే గోడల మీద ఇల్లని అనుకుని అడుగు వేయండి. ఇల్లు కట్టించిన రోజుల్లో పిల్లర్ గోతులు తవ్వడం చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే అడగండి, చాలాసార్లు వాళ్ల జ్ఞాపకమే పక్కాగా ఉంటుంది. ప్లాన్ కాగితాలు ఉంటే సరే, కానీ ప్లాన్ ఒకలా, కట్టింది ఇంకోలా ఉండడం మనకు కొత్త కాదు.

ఇప్పుడు కిందికి కోయడం ఎందుకు తేలికో చెప్తాను. మీ కిటికీ 4 అడుగుల ఎత్తు, దాని కింద గోడ 3 అడుగులు అనుకుంటే, మొత్తం 7 అడుగులు. మన ఇళ్లలో లింటెల్ ఎత్తు అదే. ఆ లింటెల్ ఇప్పటికే పై బరువుని రెండు పక్కలకీ పంచుతోంది. కిటికీ కింద ముక్క ఏమీ మోయడం లేదు, తన బరువు తప్ప. అది తీసేస్తే పైన ఏదీ కదలదు. రెండు పక్కల గోడ మాత్రం కాస్త పొడుగ్గా, ఆసరా తక్కువగా నిలబడుతుంది. కిటికీకి పిల్లర్‌కి మధ్య కనీసం రెండడుగుల గోడ ఉంటే దానికి ఇబ్బంది లేదు. గోడల మీద కట్టిన ఇంట్లో కిటికీ అడుగున భూకంపాల కోసం కాంక్రీటు పట్టీ వేసి ఉండొచ్చు. అది కనబడితే ఆగి ఇంజనీరుకి చూపించండి, తెంపేసి ముందుకు పోవద్దు.

మీ మేస్త్రీ అన్న రెండు రోజులు ఈ పనికి సరిపోతాయి. 8 అడుగుల పనికి సరిపోవు.

వెడల్పు చేయడంలో అసలు చిక్కు లింటెల్ చివర్లలో ఉంది. చాలామంది "8 వద్దులెండి, ఒక్కో పక్క ఆరంగుళాలు పెంచి 6 అడుగులు చేద్దాం, దానికి ఇంజనీరెందుకు" అంటారు. లింటెల్ గోడ మీద కూర్చునేది సరిగ్గా ఆ ఆరు నుంచి తొమ్మిది అంగుళాలే. మీరు పెంచే ఆరంగుళాలు దాని కూర్చునే పీట. పీట లాగేశాక లింటెల్ పూత పట్టుతో, పక్క ఇటుకల రాపిడితో కొన్నాళ్లు వేలాడుతుంది. వెంటనే ఏమీ కాదు కాబట్టి అందరూ బాగుందనుకుంటారు. తర్వాత మూల నుంచి ఏటవాలుగా పగులు మొదలవుతుంది, స్లైడింగ్ డోర్ పైపట్టీ మధ్యలో కిందికి దిగి తలుపు బిగుసుకుంటుంది.

మీ ఇంట్లో లింటెల్ ఇల్లంతా చుట్టూ ఒకే పట్టీగా పోసి ఉంటే కొంచెం మేలు. అయినా 5 అడుగులకు వేసిన ఇనుము 8 అడుగులకు చాలదు. అడుగుకు పడే బరువు అదే అనుకున్నా, 5 నుంచి 8కి పోతే లింటెల్ మధ్యలో వంచే బలం రెండున్నర రెట్లు దాటుతుంది. అందుకే 8 అడుగులంటే కొత్త లింటెల్ అనే అర్థం.

పిల్లర్ల ఇల్లైతే ఆ కొత్త లింటెల్ మోయాల్సింది తక్కువే. లింటెల్‌కి పైనున్న బీమ్‌కి మధ్య రెండడుగుల ఇటుక గోడ ఉందనుకోండి, 8 అడుగుల పొడవుకి అది సుమారు 700 కిలోలు. దానికి సన్‌షేడ్ కలుస్తుంది. శ్లాబు దాని మీద లేదు, కాబట్టి మీ బావగారి భయం ఈ ఇంటికి వర్తించదు. గోడల మీద ఇల్లైతే మాత్రం శ్లాబు, పై గది గోడ, పై శ్లాబు కలిసి టన్నుల్లోకి పోతుంది. అప్పుడు ఆయన మాటే మాట.

సన్‌షేడ్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కిటికీ మీద బయటికి రెండడుగులు చాచి ఉన్న ఆ పలక లింటెల్‌తో కలిపి పోసినది. అది కింద పడకుండా ఉండడానికి కారణం లింటెల్ మీదున్న గోడ బరువు. పై గోడ దాన్ని వెనక నుంచి తొక్కిపట్టి ఉంచుతుంది. కొత్త లింటెల్ కోసం లోపల్నుంచి పై ఇటుకలు ఊడదీయడం మొదలుపెడితే ఆ తొక్కిడి పోతుంది, సన్‌షేడ్ ముందుకు ఒరుగుతుంది. ఇచ్ఛాపురంలో ఒక ఇంటికి నన్ను పిలిచేసరికి ముందు చేసినవాళ్లు లోపల జాకీలు (పై బరువుని ఆపే ఇనుప ఆసరాలు) వరసగా పెట్టారు, బయట ఒక్కటీ లేదు. సన్‌షేడ్ అంచు రెండు వేళ్ల మందం కిందికి దిగి, గోడకి దానికి మధ్య నల్లటి గీతలా సందు కనిపిస్తోంది. దాని కింద ఒకతను కూర్చుని సిమెంటు కలుపుతున్నాడు. ముందు అతన్ని లేపి, సరుగుడు కర్రలు తెప్పించి బయట పోటీలు (కింద నిలబెట్టే ఆసరా కర్రలు) పెట్టించాకే మాటలు మొదలయ్యాయి. వెడల్పు పని అయితే బయట సన్‌షేడ్ కింద పోటీలు, లోపల జాకీలు, రెండూ పెట్టాకే ఇటుక కదపాలి. లేదంటే పాత సన్‌షేడ్‌ని ముందే కోసి దించేయండి. కొత్త తలుపు వెడల్పుకి అది ఎలాగూ చాలదు, కొత్తది కావాలి.

కొత్త లింటెల్‌కి నాకు నచ్చిన పద్ధతి ఇనుప ఛానెళ్లు. గోడ మందంలో లోపలి సగం మాత్రం గాడిలా కోసి ఒక ఛానెల్ పెడతాం. పైన, చివర్లలో సందు లేకుండా ఆరాక కుంచించుకుపోని గ్రౌట్ (సందులు నింపే సిమెంటు మిశ్రమం) కూరతాం. అది గట్టిపడ్డాక బయటి సగం కోసి రెండో ఛానెల్ పెట్టి, రెండింటినీ అడ్డంగా బోల్టులతో బిగిస్తాం. ఎప్పుడూ సగం గోడ మోస్తూనే ఉంటుంది. చివర్లు గోడ మీద కనీసం 9 అంగుళాలు కూర్చోవాలి. దాని కింద రెండు మూడు వరసల ఇటుక తీసి కాంక్రీటు దిమ్మ వేస్తే ఇంకా మంచిది. ఛానెల్ సైజు ఇంజనీరు చెప్పాలి, షాపువాడు కాదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లు కాబట్టి జింక్ ప్రైమర్ రెండు పూతలు వేయించి, జాలీ చుట్టి పూత పూయించండి. కాంక్రీటుతోనే పోయిస్తానంటే తప్పేం లేదు, కానీ పోటీలు 14 రోజులు తీయకూడదు. అది కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 చెప్పే లెక్క. మేస్త్రీ "మూడో రోజు తీసేద్దాం" అంటే ఒప్పుకోవద్దు.

మీ గోడ నిజంగా ఆర్‌సీసీ అని తేలితే? అపార్ట్‌మెంట్లలో అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో గోడలు, శ్లాబు కలిపి పోస్తున్నారు కదా, అక్కడ ప్రతి గోడా పిల్లర్‌తో సమానం. కిటికీ కింద ముక్క కూడా రెండు పక్కల గోడల్ని కలిపి పట్టుకునే కట్టు. కోస్తే లోపలి చువ్వలు తెగుతాయి, కిటికీ మూలల్లో పగుళ్లు ఆపడానికి వేసిన అదనపు చువ్వలతో సహా. భువనేశ్వర్‌లో మా బంధువుల ఫ్లాట్‌కి ఇదే అడిగారు, ఆరో అంతస్తు. బిల్డర్ డ్రాయింగ్ చూసి వద్దన్నాను, ఇంజనీరూ అదే చెప్పాడు. సొంత ఇల్లైతే ఇంజనీరు లెక్క కట్టి, పక్కల్లో స్టీలు ఫ్రేము బిగించి చేయొచ్చు, ఖర్చు మాత్రం ఊహించిన దానికి చాలా ఎక్కువవుతుంది. కోతకి ట్రాక్ మీద నడిచే డైమండ్ బ్లేడ్ వాల్ సా తెప్పించాలి. బ్రేకర్‌తో (గోడ పగలగొట్టే కరెంటు సుత్తితో) మొదలుపెడితే అదురు గోడంతా పాకుతుంది. మూలల్లో ముందు కోర్ రంధ్రాలు (ఆరపార గుండ్రటి రంధ్రాలు) వేయించి, బ్లేడ్ గీత ఆ రంధ్రం దగ్గర ఆగేలా చూడాలి. గీత మూల దాటి పోతే పగులు అక్కడే పుడుతుంది. తెగిన చువ్వల మొనలు బయటికి కనబడేలా వదిలేస్తే మన ఉప్పు గాలికి ఏడాదిలో తుప్పు ఉబ్బి పూత రాలుతుంది. ఒక అంగుళం లోపలికి చెక్కి, ఎపాక్సీ పూసి, రిపేర్ మోర్టార్‌తో మూయించండి. నేల కింద గదికి, వెనకాల మట్టి ఆపే కాంక్రీటు గోడకి మాత్రం ఈ ఆలోచనే వద్దు.

ఇటుక గోడకి అంత హంగామా అక్కర్లేదు. 14 అంగుళాల కట్టర్ నాలుగైదు అంగుళాల లోతే దిగుతుంది, కాబట్టి 10 అంగుళాల గోడకి రెండు వైపుల నుంచీ గీత కోయించాలి. రెండు గీతలూ ఎదురెదురుగా పడేలా నాలుగు మూలల్లో ఆరపార రంధ్రాలు వేసి దారం కట్టుకుంటారు. పక్క గీతలు పడ్డాక పై వరస నుంచి ఇటుకలు విప్పుకుంటూ రావాలి. కింద తన్ని ఒక్కసారి పడేద్దాం అనే కుర్రాళ్లు ప్రతి సైటులోనూ ఒకడుంటాడు. 5 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ముక్క ఆరేడు వందల కిలోలుంటుంది, హాల్లో టైల్స్ ఏమవుతాయో చెప్పక్కర్లేదు. కోతకి నీళ్లు పట్టించండి, లేకపోతే ఆ దుమ్ము వంటింట్లో పప్పు డబ్బాల్లోకి కూడా పోతుంది. కోసేవాళ్లకి మాస్క్ ఇవ్వండి, ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులకి శత్రువు. మొదలుపెట్టే ముందు కిటికీ పక్క స్విచ్ బోర్డు వైర్లు ఎటు పోతున్నాయో ఎలక్ట్రీషియన్‌తో గీత గీయించండి. ఏసీ రాగి పైపు కూడా తరచుగా కిటికీ కిందే పోతుంది.

నేల దగ్గరికి వచ్చేసరికి ప్లింత్ బీమ్ (పునాది మీద, నేల మట్టం దగ్గర గోడ కింద పోసిన దూలం) ముట్టుకోవద్దు. గుమ్మం ఎత్తు లేకుండా ట్రాక్ నేలతో సమంగా ఉండాలని ఫోటోలు చూపించి అడుగుతారు. దాని కోసం నేల చెక్కితే రెండు మూడు అంగుళాల కింద బీమ్ తగులుతుంది. ఫ్లోరింగ్ మందంలో ఎంత దిగితే అంతే. చెమ్మ పైకి ఎక్కకుండా ప్లింత్ మీద వేసిన పొర కూడా అక్కడే ఉంటుంది, అది తెగితే తలుపు పక్క గోడలు వానాకాలమంతా చెమర్చుతాయి.

ఇప్పుడు నా అసలు దిగులు. మీరు ఉన్నది తుపాను దారిలో. 1999 అక్టోబరులో రెండు తుపానులు, 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. మన కోస్తాకి కట్టడాల మీద గాలి బరువు లెక్కించే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మిగతా గుణకాలు పక్కన పెట్టి మోటుగా లెక్కేస్తే చదరపు మీటరుకి 150 కిలోల తోపు. 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తలుపు మీద ఇది 780 కిలోల దాకా వస్తుంది. మీ 5 అడుగుల వెడల్పుకైతే 490 కిలోలు. గాజు మందం, పట్టీల బలం, గోడలో దిగిన స్క్రూలు అన్నీ కలిసి దీన్ని ఆపాలి. ఫైలిన్ గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది.

అదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. చదరపు మీటరుకి 150 కిలోలంటే 15 సెంటీమీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టే తోపు. స్లైడింగ్ ట్రాక్ వెనక గట్టు నాలుగైదు సెంటీమీటర్లే ఉంటుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలికి అది చాలు, అప్పుడు తోపు నాలుగు సెంటీమీటర్ల లోపే. తుపాను గాలికి మాత్రం ట్రాక్‌లో చేరిన వాన బయటికి పోయే బదులు లోపలికి పొంగుతుంది. కంపెనీవాడు "వాటర్ ప్రూఫ్" అని ఎంత చెప్పినా ఇది ఆగదు. స్లైడింగ్ తలుపుకి అంచుల్లో ఉండేది బ్రష్‌లాంటి పట్టీ, రెక్క తలుపుకి ఉండేది నొక్కుకునే రబ్బరు. రెండింటికీ పోలికే లేదు. తుపాను రోజు ట్రాక్ పక్కన పాత దుప్పట్లు పరుచుకోవడానికి సిద్ధపడితేనే స్లైడింగ్ పెట్టుకోండి. లేదా బయట రోలింగ్ షట్టర్ వేయించుకోండి. షట్టర్‌తో ఎగిరొచ్చే రేకు ముక్క, కొబ్బరి మట్ట కూడా గాజు దాకా రావు. మీ పెరట్లో కొబ్బరి చెట్లు ఉన్నాయన్నారు కాబట్టి నేనైతే షట్టర్ వేయిస్తాను.

రోజువారీ వానకి కావాల్సింది వేరే. పెరటి నేల లోపలి నేల కంటే కనీసం నాలుగు అంగుళాలు కిందుండాలి, బయటికి వాలు ఉండాలి. ట్రాక్ కింద గ్రానైట్ గుమ్మం ఒకే పలకగా, బయటికి కొంచెం వాలుగా, అడుగున నీటి చుక్క తెగే గాడితో వేయించండి. టెక్కలి నీలి గ్రానైట్ మనకి దగ్గరే దొరుకుతుంది, గట్టిది. గ్రానైట్ వేసే ముందు కింద వాటర్‌ప్రూఫ్ పూత పూయించి పక్క గోడల మీదికి ఆరంగుళాలు ఎక్కించాలి. ట్రాక్ బయటి వైపున్న చిన్న నీటి రంధ్రాలు సిమెంటుతో మూసుకుపోకుండా చూసుకోండి. పూత పనివాళ్లు వాటిని నున్నగా మూసేసి వెళ్లడం నేను ఎన్ని సైట్లలో చూశానో.

తలుపు కొనేటప్పుడు వెడల్పు లెక్క సరిగా వేసుకోండి. 5 అడుగుల సందులో రెండు పలకల స్లైడింగ్ పెడితే సగమే తెరుచుకుంటుంది, ఫ్రేము పోగా నడవడానికి మిగిలేది రెండుంపావు అడుగులు. ఫ్రిజ్ పట్టదు, సోఫా పట్టదు. కాబట్టి 5 అడుగుల్లోనే ఉండాలనుకుంటే స్లైడింగ్ మానేసి బయటికి తెరుచుకునే రెండు రెక్కల గాజు తలుపు పెట్టండి, పూర్తిగా తెరుచుకుంటుంది, వానా బాగా ఆగుతుంది. నా ఓటు దీనికే. 8 అడుగులకు పోతే మూడు పలకలు, మూడు ట్రాకులు పెట్టించండి, ఐదు అడుగుల పైచిలుకు తెరుచుకుంటుంది. దోమల జాలికి ఇంకో ట్రాక్ కావాలని ముందే చెప్పండి. మన ఊళ్లో జాలి లేని తలుపు సాయంత్రం ఆరు తర్వాత తెరవలేం.

అల్యూమినియమా యూపీవీసీనా (గట్టి ప్లాస్టిక్ ఫ్రేమా) అంటే, 8 అడుగులకి మందమైన అల్యూమినియం సెక్షన్. యూపీవీసీ అయితే లోపల గాల్వనైజ్డ్ స్టీలు పట్టీ నిలువు పట్టీలన్నిటిలోనూ ఉందని ముక్క కోసి చూపించమనండి. గోపాల్‌పూర్ బీచ్ దగ్గర ఒక ఇంట్లో ఫ్రేము కొత్తదిలా మెరుస్తోంది, తలుపు మాత్రం ఇద్దరు తోస్తే గానీ కదలడం లేదు. పలక ఎత్తి చూస్తే కింద చక్రాలు తుప్పు పట్టి గుండ్రం పోయి చదునుగా మారాయి. చక్రాలు, స్క్రూలు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అని బిల్లు మీద రాయించుకోండి. అంబపువా సముద్రానికి అంత ఆనుకుని లేకపోయినా తేడా ధర పెద్దది కాదు. ట్రాక్‌ని అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగండి, నూనె పోయకండి, ఇసుక అంటుకుంటుంది.

గాజు టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచినది) చాలని షాపులో చెప్తారు. పగిలితే చిన్న పలుకులుగా రాలుతుంది కాబట్టి ఒంటికి ప్రమాదం తక్కువే, కానీ తుపానులో రాలిపోయిన చోట ఇంత పెద్ద కన్నం మిగులుతుంది. గాలి లోపలికి దూరితే పైకప్పునీ, ఎదుటి తలుపుల్నీ లోపల్నుంచి తోస్తుంది. రెండు గాజుల మధ్య పొర ఉండే లామినేటెడ్ పగిలినా ఫ్రేములోనే ఉంటుంది. షట్టర్ వేయని పక్షంలో లామినేటెడ్ తప్పదు.

కొలతలు పూత, గ్రానైట్ అన్నీ అయ్యాకే ఇవ్వండి. టఫెన్డ్ చేశాక గాజు కోయడం కుదరదు. వెడల్పు పైన, మధ్యలో, కింద కొలిచి తక్కువది తీసుకోవాలి, మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిచి సమంగా ఉందో చూడాలి. ఫ్రేము చుట్టూ 5 నుంచి 10 మిల్లీమీటర్ల సందు ఉంచి, రెండడుగులకి ఒక స్క్రూ తగ్గకుండా గోడలోకి దించాలి. ఫోమ్ సందు నింపడానికే, తలుపు నిలబెట్టడానికి కాదు. ఫోమ్ కొట్టి నాలుగు స్క్రూలతో వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు, ఉండి లెక్కపెట్టండి. తలుపు తయారై వచ్చేదాకా కొన్ని వారాలు గోడ తెరిచే ఉంటుంది, ప్లైవుడ్, టార్పాలిన్ సిద్ధం చేసుకోండి. అందుకే ఈ పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి ఎండలు ముదరకముందే ముగించుకోవడం మేలు. దసరాకి దీపావళికి మధ్య గోడ తెరిచి పెట్టుకోవద్దు.

కిటికీకి ఇప్పుడు ఇనుప గ్రిల్ ఉంది కదా, అది పోతుంది. వెనక పెరటి వైపు ఒక్క గాజు తలుపుతో పడుకోవడం మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి. షట్టర్ గానీ, లోపల మడతపడే ఛానెల్ గేటు గానీ బడ్జెట్లో కలుపుకోండి. వెడల్పు పెంచే పనికి డెవలప్‌మెంట్ అథారిటీ అనుమతి కావాలో లేదో కూడా మీ ఇంజనీరే చూసిపెట్టాలి, సంతకం పెట్టేది ఆయనే కాబట్టి.

మీరు చెప్పినదాన్ని బట్టి పిల్లర్ల ఇల్లే అనిపిస్తోంది, కానీ కింద నాలుగు వివరాలు లేకుండా 8 అడుగులకి సరే అనలేను: గోడ మందం ఎంత, కిటికీ రెండు పక్కలా మూల దాకా ఎంత గోడ ఉంది, లింటెల్ పైనుంచి శ్లాబు దాకా ఎంత ఎత్తు, పై గది గోడ సరిగ్గా దీని మీదే ఉందా. డ్రిల్ పొడి ఫోటో, బయట సన్‌షేడ్ ఫోటో కూడా పెట్టండి. చూసి చెప్తాను.